పదకొండో రీల్లో వెంట్రుక

పంతొమ్మిదేళ్లుగా నాకొక సందేహం ఉంది. పదకొండో రీల్లో వెంట్రుక ఉందా, లేదా?

ఇదీ ఒక సందేహమేనా అని మీకు అనిపించవచ్చు. మనిషన్నవాడికి ఉండాల్సిన సందేహాలు నాకూ ఉన్నాయి. ప్రభువుకు అన్నీ తెలిసినప్పుడు ప్రార్థనలో మళ్లీ అన్నీ వివరంగా ఎందుకు చెప్పుకోవాలి, కళ్లు ఆయనే ఇచ్చాడు కదా, మరి ఆయనతో మాట్లాడేటప్పుడు వాటిని మూసుకోవడమెందుకు, ఇలాంటివి. కానీ అవి ఆదివారం పూజలో వస్తాయి, పూజ అయ్యాక బయట చెప్పులు వెతుక్కునేలోపు పోతాయి. వెంట్రుక మాత్రం వారమంతా ఉంటుంది.

నా పేరు అంతోని. మాది గుంటూరు దగ్గర. పదో తరగతితో చదువు ఆపేసి హైదరాబాదు వచ్చి, జూబ్లీ హిల్స్‌లో ఒక ఫిల్మ్ ల్యాబ్‌లో చేరాను. సినిమా థియేటర్లకు వెళ్లే ముందు ఫిల్మును చూసి, ఎక్కడ దుమ్ముంది, ఎక్కడ గీత పడింది, ఎక్కడ మచ్చ ఉంది అని రాసివ్వడం నా పని. సినిమాలో అందరూ హీరోయిన్‌ని చూస్తారు. నేను హీరోయిన్ బుగ్గ మీద దుమ్ము చూస్తాను. పెళ్లిచూపుల్లో కూడా సరోజమ్మను చూసి, "ఎడమ కనుబొమ్మ దగ్గర చిన్న గీత ఉంది, చిన్నప్పుడు పడ్డారా?" అని అడిగానట. అది ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

ఆ ల్యాబ్‌లో అచ్యుతరామయ్య గారు నెగెటివ్ కటింగ్ చేసేవారు. కెమెరాలో నడిచిన అసలు ఫిల్మును ముక్కలు కోసి వరసగా అతికించే పని. ఒక్క కోత తప్పితే మళ్లీ ఆ షాట్ దొరకదు. అందుకని ఆయన తెల్ల గ్లవ్స్ వేసుకుని, ఊపిరి కూడా పక్కకు వదిలేవారు. మెడలో నల్లతాడుకు ఇత్తడి అంచు ఉన్న చిన్న భూతద్దం వేలాడేది. మేమందరం ఆయన్ని గురువుగారూ అనేవాళ్లం. ముప్ఫై ఏళ్లలో ఆయన కన్ను తప్పు చూసిందని ఎవరూ అనలేదు. అనకపోవడమే నా ప్రాణం మీదికి వచ్చింది.

2006 వేసవిలో ఒక పెద్ద సినిమా నెగెటివ్ బల్ల మీద ఉంది. గురువుగారు హఠాత్తుగా, "పదకొండో రీల్లో వెంట్రుక ఉంది" అన్నారు. ఎవరికీ కనబడలేదు. నిర్మాత మనిషి వచ్చాడు, మేనేజరు వచ్చాడు, బల్ల చుట్టూ ఎనిమిది మంది చేరారు. నేను ముందుకు వెళ్లి, "మీ భూతద్దం ఇవ్వండి గురువుగారూ, నేను చూస్తాను" అన్నాను. ఆయన మెడలోంచి తీసి ఇచ్చారు. ఫ్రేము ఫ్రేమూ చూశాను. ఏమీ లేదు.

లేదండీ అంటే సరిపోయేది. నాకప్పుడు ముప్ఫై తొమ్మిదేళ్లు, చుట్టూ ఎనిమిది మంది జనం. గురువుగారిదేమో నున్నటి బట్టతల. "గురువుగారూ, వెంట్రుక ఫిల్ము మీదా లేదు, మీ తల మీదా లేదు. మరి ఎక్కడ చూశారండీ?" అన్నాను.

ల్యాబ్ అంతా ఒకటే నవ్వు. ఆయన గ్లవ్స్ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. భూతద్దం నా చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు ఇద్దామనుకున్నాను. మర్నాడు ఆయన నా ముఖం చూడలేదు. రెండు వారాలకు అసలు రావడమే మానేశారు. కంటి ఆపరేషన్ అయిందన్నారు. శుక్లాలేమో అనుకున్నాను. వెళ్లి చూడలేదు.

భూతద్దం రహమత్ నగర్‌లో మా ఇంటికి వచ్చి స్థిరపడింది. సరోజమ్మ దానితో మాత్రల అట్టల మీద తేదీలు చదువుతుంది. ఏటా ఈస్టర్‌కు ముందు తపస్సు కాలంలో నా పాపాలు ఫాదర్ గారికి చెప్పుకుంటాను గానీ ఈ భూతద్దం సంగతి చెప్పలేదు. ఇది దొంగతనం కిందికి వస్తుందా, మతిమరుపు కిందికి వస్తుందా అన్నది నాకే తేలలేదు. అందులోనూ ఒకవేళ వెంట్రుక నిజంగా ఉండి, నాకే కనబడకపోయి ఉంటే? ఆయన కన్ను అంతకుముందు ఎప్పుడూ తప్పలేదు కదా.

ల్యాబులు మూతపడ్డాయి. ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో కింద టిఫిన్ సెంటర్, పైన మా ఆఫీసు. పాత సినిమాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, శుభ్రం చేసి, మళ్లీ థియేటర్లకు పంపుతున్నారు. దుమ్ము చాలావరకు సాఫ్ట్‌వేరే తుడిచేస్తుంది. అది వదిలేసినవి నేను పట్టుకోవాలి. ఓనర్ సిద్ధార్థ మర్యాదస్తుడు. అందుకే మర్యాదగానే చెప్పాడు: "అంతోని గారూ, సాఫ్ట్‌వేర్‌కి కనబడనిది మీకు కనబడినన్నాళ్లు ఈ కుర్చీ మీదే."

ఇల్లు నడిచేది ఆ కుర్చీ మీద. ఆ కుర్చీ నడిచేది నా కళ్ల మీద. కళ్లేమో చిన్నప్పటి నుంచి దళసరి అద్దాల వెనక ఉన్నాయి.

మొన్న సోమవారం కొత్త పని వచ్చింది. పేరు చూశాను. అదే సినిమా. శుక్రవారం నిర్మాత వచ్చి చూస్తాడట. పక్క సీట్లో కంప్యూటర్ నడిపే భావనతో, "ముందు పదకొండో రీలు పెట్టమ్మా" అన్నాను.

"వరసగ పోదాం అంకుల్. ఏందంత తొందర?"

"పంతొమ్మిదేళ్లయిందమ్మా. తొందరంటావేంటి?"

పెట్టింది. ఆసుపత్రి సీను. తెల్ల గోడ. ఆ గోడ మీద సన్నగా, నల్లగా, కొస వంపు తిరిగి, వెంట్రుక.

టైము చూశాను, పదకొండు గంటల ఇరవై నిమిషాలు. రిజిస్టర్‌లో రాసేశాను.

"చూడమ్మా, గోడ మధ్యలో."

"ఏంది అంకుల్? గిది తెల్లగోడనే."

"సరిగ్గా చూడు. ఇదిగో, ఇప్పుడు కిందికి దిగింది."

భావన నా వైపు తిరిగింది. "పాజ్‌ల ఉంది అంకుల్. ఆగిన బొమ్మల వెంట్రుక ఎట్ల నడుస్తది?"

నిజమే. కానీ నడుస్తోంది. నేను కళ్లద్దాలు తుడిచాను. స్క్రీన్ తుడిచాను. భావన అద్దాలు కూడా తీసి తుడిచాను. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టమన్నాను. వెంట్రుక ఉంది. తర్వాతి షాట్‌లో నర్సు క్లోజప్. సరిగ్గా పైపెదవి మీదికి వచ్చి కూర్చుంది. "నర్సుకు మీసం" అని రాశాను.

కాసేపటికి కుడి అంచున తళుక్కుమని వెలుగు. ఇది నాకు తెలిసిన జబ్బే. కెమెరా తలుపు సరిగ్గా పడకపోతే వెలుతురు లోపలికి చొరబడి, ఫిల్ము అంచున ఇలాగే మెరుస్తుంది. "కుడి అంచున లైట్ లీక్" అని రాశాను. మళ్లీ తళుక్కుమంది. మళ్లీ రాశాను.

సాయంత్రం ఇంట్లో జపమాల చెప్పుకుంటూ కళ్లు మూసుకున్నాను. కుడి పక్క తళుక్కుమంది. కళ్లు తెరిచి చూశాను. దీపం ఎడమ పక్కన ఉంది.

"ఏమండీ, మధ్యలో ఆపారేం?" అంది సరోజమ్మ.

"వెలుగు కనిపించింది."

"కరెంటు ఉందిగా."

"కళ్లు మూసుకున్నాక కనిపించింది."

సరోజమ్మ మోకాళ్ల మీదే నా దగ్గరికి జరిగింది. అరగంటలో పక్కింటి రాజమ్మ వచ్చింది. మా ప్రార్థన కూటమికి పెద్ద ఆవిడే. "అంతోని గారూ, నేను ముప్ఫై ఏళ్లుగా ఉపవాసాలుంటున్నాను, నాకింతవరకూ మిణుగురు పురుగంత వెలుగు కూడా కనబడలేదు. మీరేం చేశారు?" అంది. అందులో భక్తి ఎంతో, అసూయ ఎంతో చెప్పలేను.

"ఏమీ చేయలేదండీ. రీలు చూశాను."

"వచ్చే ఆదివారం అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి."

నాకు లోపల ఒక ప్రశ్న. ప్రభువు నాకు కనబడాలనుకుంటే ఎప్పుడూ కుడి కంటి మూలనుంచే ఎందుకు తొంగి చూస్తాడు? ఎదురుగా రావచ్చు కదా? ఆ మాటే అన్నాను. "కుడివైపంటే మంచిదే కదండీ, మూతి అలా పెడతారేం?" అంది సరోజమ్మ. రాజమ్మ ఆశీర్వదించిన నూనె తెచ్చి కంట్లో వేస్తానంది. నుదుటికి రాయించుకుని సరిపెట్టాను.

మర్నాడు ఆఫీసుకు వెళ్లేసరికి సినిమా అంతా మిరియాలపొడి చల్లినట్టు ఉంది. పాటలో హీరోయిన్ తెల్లచీర కట్టుకుని మంచులో పరుగెడుతోంది. చీర మీద చుక్కలు, మంచు మీద చుక్కలు. భోజనం వేళకు నూట నలభై మూడు మచ్చలు రాశాను. భావన ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసింది. ఒక్కటీ లేదు.

"అంకుల్, ఏమనుకోకుండ్రి. గీ పాట నిన్న నేను రెండుసార్లు చూసిన. పాలలెక్క ఉంది."

"పాలలో ఈగలమ్మా, నువ్వు చూడటం లేదు."

సిద్ధార్థ వచ్చి చూశాడు. రిజిస్టర్ చూశాడు. 'నర్సుకు మీసం' దగ్గర కాసేపు ఆగాడు. "అంతోని గారూ, నాలుగు రోజులు రెస్ట్ తీసుకోండి. శుక్రవారానికి మేం చూసుకుంటాం" అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనం నన్ను భయపెట్టింది. కుర్చీ కింద నేల కదిలినట్టయింది. నాకు కనబడేది ఇక్కడ ఎవరికీ కనబడటం లేదు. ఈ లోకంలో ఆ వెంట్రుకను చూసిన మనిషి ఇంకొక్కరే ఉన్నారు.

పాత మేనేజరును అడిగి నంబరు తీసుకున్నాను. ఫోన్ చేశాను.

"ఎవరు?" అదే గొంతు, కొంచెం బొంగురుగా.

"గురువుగారూ, నేను అంతోనినండి."

"ఏ అంతోని?"

"వెంట్రుక అంతోనినండి."

అటు పక్క టీవీ గొంతు తగ్గింది. తర్వాత, "చెప్పు" అన్నారు.

"మీరే రైటండీ గురువుగారూ. పదకొండో రీల్లో వెంట్రుక ఉంది. నిన్న నా కళ్లతో చూశాను. ఆ రోజు నేను మిమ్మల్ని అనరాని మాట అన్నాను. క్షమించండి."

సంతోషిస్తారనుకున్నాను. తిడతారేమోనని కూడా అనుకున్నాను. ఆయన, "పన్నెండో రీల్లో ఉందా?" అన్నారు.

"ఉందండి."

"మొదటి రీల్లో?"

"అందులోనూ ఉందండి."

"స్క్రీన్ వదిలెయ్. గోడ చూడు."

"ఏ గోడండీ?"

"ఏదో ఒక గోడరా!"

క్యాలెండర్ పక్కన గోడ చూశాను. "ఉందండీ! గోడ మీద కూడా ఉంది!"

"కిటికీలోంచి ఆకాశం చూడు."

తెర పక్కకు తీశాను. బండల మీద మేడలు, మేడల మీద ఎండ, పైన ఆకాశం. ఆకాశం నిండా మిరియాలు, వాటి మధ్య నా వెంట్రుక. "ఆకాశంలోనూ ఉందండి గురువుగారూ."

"ఆకాశానికి కూడా నెగెటివ్ కటింగ్ నేనే చేశానంటావా?"

నాకేమీ అర్థం కాలేదు.

"కుడి కన్ను మూసుకో."

మూసుకున్నాను. ఆకాశం కడిగినట్టు అయిపోయింది. "పోయిందండీ! మొత్తం పోయింది!" అని అరిచాను.

"సంతోషించకురా, ఏడవాల్సిన విషయం. మెరుపులు వస్తున్నాయా?"

"లైట్ లీక్ అండి, కుడి అంచున."

"ఎప్పటినుంచి?"

"నిన్నటినుంచి."

"నల్లతెర ఏమైనా దిగుతోందా? మూలనుంచి నీడలాగా?"

"లేదండి."

"దిగకముందే బయలుదేరు. పక్కన ఎవరున్నారు? ఫోను వాళ్లకివ్వు."

భావన ఫోను తీసుకుంది. "ఆఁ సార్... ఆఁ సార్... ఇప్పుడే సార్" అని మూడు మాటలు మాట్లాడి, ఫోను నా చేతికిచ్చి స్కూటీ తాళం తీసింది. "నడువుండ్రి అంకుల్. రిజిస్టర్ గూడ పట్టుకోండ్రి. డాక్టర్‌కు చూపిద్దాం."

కంటి ఆసుపత్రిలో డాక్టర్ హిమజ గారు చుక్కలు వేయించి, కన్నుపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టారు. రిజిస్టర్ తిరగేసి చూశారు.

"మచ్చలు మొదలైంది సోమవారం పదకొండు ఇరవైకా?"

"అవునండి."

"నూట నలభై మూడు?"

"పాట వరకేనండి."

"నా దగ్గరికి వచ్చేవాళ్లు 'ఏవో ఈగల్లాగా తిరుగుతున్నాయమ్మా' అంటారు. టైముతో సహా రాసుకొచ్చింది మీరొక్కరే. ఈ నర్సెవరు?"

"సినిమాలో అండి. మీసం నాదే."

ఈలోగా తలుపు తోసుకుని గురువుగారు వచ్చారు. టోలిచౌకిలో వాళ్లింటి నుంచి ఆటోలో. తెల్లచొక్కా, నల్లకళ్లద్దాలు, అదే బట్టతల. నాకు కన్నుపాప పెద్దదై అంతా మసకగా ఉంది గానీ ఆయన తల మాత్రం బాగా మెరుస్తోంది. నేను లేచాను. "కూర్చో" అన్నారు.

డాక్టర్ గారు తలకు దీపం పెట్టుకుని నా కంట్లోకి చాలాసేపు చూశారు. పైకి చూడండి, కిందికి చూడండి, పక్కకి. తర్వాత చెప్పారు. కంటి లోపల గుడ్డు తెల్లసొన లాంటి జెల్లీ ఉంటుందట. వయసు పెరిగేకొద్దీ అది కుంచించుకుంటుంది. అందులోని పోగుల నీడలే మనకు వెంట్రుకలు, చుక్కలు. చాలామందికి వస్తాయి, చాలామందికి ఏమీ కాదు. కానీ ఉన్నట్టుండి ఎక్కువై, మెరుపులు కూడా వస్తే, ఆ జెల్లీ వెనకనున్న రెటీనా అనే పొరను పట్టి లాగుతోందని అర్థం. మందపు మైనస్ అద్దాల వాళ్లకు ఆ ముప్పు ఎక్కువట.

"రెటీనా అంటే కెమెరాలో ఫిల్ము లాంటిదాండీ?" అన్నాను.

"అలాగే అనుకోండి. మీకు అది ఒకచోట చిరిగింది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి పోతే పొర మొత్తం ఊడివస్తుంది. ఇంకా పోలేదు. ఇవాళే చుట్టూ లేజర్‌తో అతుకు వేసేద్దాం."

గురువుగారు ముందుకు వంగారు. "జాయింట్ గట్టిగా ఉంటుందామ్మా?"

"ఉంటుందండి. పది రోజులు పడుతుంది బిగియడానికి."

"మావి వెంటనే బిగిసేవి" అన్నారాయన, కొంచెం గర్వంగా.

లేజర్ గదిలోకి పిలిచేలోపు బయట బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఆయన నల్లద్దాలు తీశారు. ఎడమ కన్ను తెల్లగా, ఎటూ చూడకుండా ఉంది.

"నువ్వు లేదన్నప్పుడే నాకు తెలియాల్సిందిరా" అన్నారు. "మర్నాడు గోడ మీద కనబడింది. అన్నంలో కనబడింది. మా పుష్పవల్లి వడ్డించిన అన్నంలో వెంట్రుకని రెండు రోజులు గొడవపడ్డాను. ఆవిడ పుట్టింటికి పోతానంది. మెరుపులొచ్చాయి. డాక్టర్ దగ్గరికి వెళితే ఫిల్ములో వెంట్రుక లేదని ఒప్పుకున్నట్టే కదా. అంతోని గెలిచినట్టే కదా. పదిహేను రోజులు పంతం పట్టాను. పదహారో రోజు మూలనుంచి నల్లతెర దిగింది. తర్వాత ఆపరేషన్ చేశారు గానీ ఆలస్యమైపోయింది. ఆ కంటికి శుభం కార్డు పడిపోయింది."

ఆయన నవ్వడానికే అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు ఆ ఎనిమిది మంది ముందు నోరు మూసుకుని, తర్వాత ఆయన్ని పక్కకు పిలిచి, ఒకసారి కళ్లు చూపించుకోండి గురువుగారూ అని ఉంటే? అదే మాట అడిగాను.

"అప్పుడు కూడా నిన్ను తిట్టేవాణ్ణే" అన్నారు. నల్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "తిట్టి, వెళ్లేవాణ్ణేమో" అన్నారు.

లేజర్ పావుగంట. పచ్చటి మెరుపులు, చిటుక్కు చిటుక్కుమని. వాటిని రిజిస్టర్‌లో రాయలేదు. భావన సరోజమ్మకు ఫోన్ చేసి చెప్పిందట. ఆదివారం సాక్ష్యానికి నేనే లేచాను. మెరుపులు కనిపిస్తే నా దగ్గరికి గానీ రాజమ్మ గారి దగ్గరికి గానీ రావద్దు, ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మిగతా ప్రార్థన ఆసుపత్రి బల్ల మీద చేసుకోవచ్చు, ప్రభువు అక్కడికీ వస్తాడు, అని చెప్పాను. రాజమ్మ ఆమెన్ అనడానికి కొంచెం ఆలస్యం చేసింది గానీ, సోమవారం తన మోకాలి నొప్పికి డాక్టర్ దగ్గరికి వెళ్లింది.

మళ్లీ పరీక్షకు వెళితే అతుకు బిగిసిందన్నారు డాక్టర్ గారు. వెంట్రుక ఉండిపోతుందట, అలవాటైపోతుందట. అంతకుముందే, అనుకున్న శుక్రవారం, నిర్మాత సినిమా చూసి బాగుందన్నాడట. సిద్ధార్థ నా కుర్చీ అలాగే ఉంచాడు. అయితే ఇప్పుడు కొత్త నియమం ఒకటి పెట్టాడు. నేను చెప్పిన మచ్చ భావనకు కూడా కనబడితేనే మచ్చ.

ఆ పరీక్ష రోజే ఆసుపత్రి నుంచి తిన్నగా ఇంటికి వచ్చి మాత్రల డబ్బాలోంచి భూతద్దం తీశాను. "అది ఇచ్చేస్తే నేను తేదీలు ఎలా చదవాలండీ?" అంది సరోజమ్మ. "కొత్తది కొంటాను. ఇది మనది కాదు" అన్నాను. ఇత్తడి అంచును చింతపండుతో తోమి, కొత్త నల్లతాడు కట్టి, టోలిచౌకి వెళ్లాను.

తలుపు పుష్పవల్లి గారే తీశారు. గురువుగారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. రెండు చేతులతో భూతద్దం అందించాను. తాడు మెడలో వేసుకున్నారు, పక్కన ఉన్న పేపరు మీద పెట్టి చూశారు, తర్వాత పైకెత్తి కుడి కంటి దగ్గర పెట్టుకుని వెలుగులోకి చూశారు.

"అద్దం మీద గీత పడింది" అన్నారు.

నేను వంగాను. ఆయన తాడు మెడలోంచి తీయకుండానే అద్దం నా వైపు తిప్పారు. కుడి కన్ను మూసుకుని చూశాను. ఎడమ కన్ను మూసుకుని చూశాను. రెండు కళ్లకూ, అంచు దగ్గర సన్నగా, వంపు లేకుండా, కదలకుండా.

"ఉందండీ గురువుగారూ" అన్నాను.